ఈ కథ అసలు గ్రంథంలో ఉందా? పురాణ, చరిత్ర వ్యక్తుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పురాణాల గురించో చరిత్ర గురించో ఎక్కడ మాట మొదలైనా, చివరికి ఎవరో ఒకరు "ఇది నిజంగా జరిగిందా?" అంటారు. దానికి జవాబు నా దగ్గర లేదు. రాముడు ఉన్నాడా లేదా అని తేల్చే పని నేను పెట్టుకోలేదు, పెట్టుకోను కూడా. కానీ "ఈ ముక్క మొదట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు?" అని అడగండి, చాలాసార్లు గట్టి జవాబే దొరుకుతుంది. కింద ఉన్నవన్నీ ఆ రెండో రకం జవాబులు. నన్ను ఎక్కువసార్లు అడిగినవి కాబట్టి రాశాను, ఒక వరసంటూ ఏమీ లేదు.

లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో లేదట, నిజమేనా?

నిజమే, లేదు. అరణ్యకాండలో మారీచుడు రాముడి గొంతుతో అరిచాక సీత లక్ష్మణుణ్ణి వెళ్ళమంటుంది, ఆయన కదలకపోతే చాలా కఠినంగా మాట్లాడుతుంది, భరతుడు పంపితే వచ్చావా, నా మీద ఆశతో వచ్చావా అనేదాకా పోతుంది. ఆ మాటలు పడలేక లక్ష్మణుడు వనదేవతలు నిన్ను కాపాడాలి అని చెప్పి బయల్దేరతాడు. అంతే. గీత లేదు, దాటొద్దన్న హెచ్చరిక లేదు. తర్వాత రావణుడు సన్యాసి వేషంలో వస్తే సీత అతిథి మర్యాద చేసి, కూర్చోబెట్టి, తన కథంతా చెప్తుంది.

తెలుగులో ఈ గీత 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో కనిపిస్తుంది, గోన బుద్ధారెడ్డి రాసినది. తులసీదాసు దగ్గర తమాషా ఏంటంటే, గీత గీయాల్సిన అరణ్యకాండలో ఆయన దాని ఊసెత్తడు, ఎక్కడో లంకాకాండలో మండోదరి మొగుణ్ణి దెప్పుతూ, "రాముడి తమ్ముడు గీసిన చిన్న గీతే దాటలేకపోయావు, ఇదా నీ మగతనం" అంటుంది. అంటే ఆయన కాలానికి విన్నవాళ్ళందరికీ ఆ గీత తెలుసు, విడిగా చెప్పక్కర్లేదు.

నాకు ఇందులో ఒక్కటే నచ్చదు. వాల్మీకి చెప్పినప్పుడు అది ఒక మోసం కథ, అతిథిగా వచ్చినవాడు ఎత్తుకుపోయిన కథ. గీత వచ్చి చేరాక సగం తప్పు గీత దాటిన సీత మీద పడింది.

రామాయణంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయా?

బోలెడు. అహల్య రాయి కాదు: వాల్మీకి బాలకాండలో ఆమె ఎవరికీ కనబడకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడి తపిస్తుంటుంది. రాముడి పాదధూళి తగిలి రాయి ఆడది కావడం కూడా అక్కడ లేదు, పైగా రామలక్ష్మణులే వెళ్ళి ఆమె పాదాలకి నమస్కారం చేస్తారు. శబరి పళ్ళు కొరికి రుచి చూడదు, అడవిలో దొరికినవి దాచిపెట్టానని మాత్రమే చెప్తుంది. ఉడత వాల్మీకిలో లేదు, రంగనాథ రామాయణంలో ఉంది.

వారధి రాళ్ళ మీద రాముడి పేరు రాస్తే తేలాయన్నది కూడా తర్వాతి మాటే. వాల్మీకి దగ్గర అది అచ్చంగా ఇంజినీరింగ్ పని. విశ్వకర్మ కొడుకు నలుడు మేస్త్రీ, వానరులు చెట్లూ బండలూ మోస్తారు, కొందరు కొలతకి దారాలు పట్టుకుంటారు. రోజువారీ లెక్క కూడా ఇచ్చాడాయన: మొదటిరోజు 14 యోజనాలు, తర్వాత 20, 21, 22, 23. కూడితే సరిగ్గా 100. రోజురోజుకీ పని వేగం పెరగడం చూడండి, ఆ లెక్క వేసిన మనిషికి కూలిపని ఎలా సాగుతుందో తెలుసు అనిపిస్తుంది నాకు.

మయసభలో ద్రౌపది నవ్వడం వల్లే కురుక్షేత్రం జరిగిందా?

సంస్కృత భారతంలో ఆ సంఘటన రెండుసార్లు వస్తుంది, రెండూ ఒకటి కాదు. కథ చెప్పేవాడు చెప్పినప్పుడు దుర్యోధనుడు నీళ్ళలో పడితే నవ్వింది భీముడు, అర్జునుడు, కవలలు, పనివాళ్ళు. ద్రౌపది పేరే లేదు. తర్వాత దుర్యోధనుడు హస్తినకి వెళ్ళి తండ్రి దగ్గర ఏడుస్తూ చెప్పినప్పుడు మాత్రం జాబితా మారుతుంది: కృష్ణుడు నవ్వాడు, అర్జునుడు నవ్వాడు, ద్రౌపది ఆడవాళ్ళతో కలిసి నవ్వింది అంటాడు. అవమానపడ్డవాడికి ఊళ్ళో అందరూ నవ్వినట్టే ఉంటుంది కదా, లేదా తండ్రిని రెచ్చగొట్టడానికి కాస్త కలిపి చెప్పాడేమో, కవి ఏదీ తేల్చడు. అదే ఆ రచన గొప్పతనం.

"గుడ్డివాడి కొడుకూ గుడ్డివాడే" అన్న మాట ద్రౌపది నోట్లోంచి రావడం మాత్రం అందులో లేదు. నాటకాలూ, సినిమాలూ, టీవీ సీరియళ్ళూ ఆ వాక్యాన్ని మనకి ఎంతగా అలవాటు చేశాయంటే, లేదని చెప్తే కోపం తెచ్చుకునేవాళ్ళని చూశాను. యుద్ధానికి కారణం వెతకాలంటే జూదమూ రాజ్యమూ ఎదురుగానే ఉన్నాయి, ఒక ఆడమనిషి నవ్వు దాకా పోనక్కర్లేదు.

కర్ణుడికి అన్యాయం జరిగిందా లేదా? సూటిగా చెప్పండి.

జరిగింది. పుట్టగానే తల్లి నీళ్ళలో వదిలేసింది, అస్త్ర పరీక్షలో కులం అడిగి నోరు మూయించారు, ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి కవచకుండలాలు పట్టుకుపోయాడు. ఇవన్నీ మూలంలోనే ఉన్నాయి.

కానీ మూలంలో ఇంకో సగం కూడా ఉంది, అభిమానులు దాన్ని దాటేస్తారు. సభలో ద్రౌపది తరఫున మాట్లాడింది కౌరవుల్లోనే ఒకడు, వికర్ణుడు. అతన్ని గదమాయించి నోరు మూయించింది కర్ణుడు. అయిదుగురు భర్తలున్న ఆమెని వేశ్య అని నిండు సభలో అన్నదీ, పాండవుల బట్టలూ ఆమె బట్టలూ ఊడదీయమని దుశ్శాసనుడికి చెప్పిందీ కర్ణుడే. యుద్ధంలో ఎవరికీ ఓడనివాడు అన్నది కూడా నిలబడదు. ఘోషయాత్రలో (పశువుల మందలు చూసే నెపంతో కౌరవులు అడవికి వెళ్ళినప్పుడు) గంధర్వుల దెబ్బకి దుర్యోధనుణ్ణి వదిలేసి తప్పుకున్నాడు, తర్వాత ఆ దుర్యోధనుణ్ణి విడిపించింది పాండవులు. ఉత్తరగోగ్రహణంలో, అంటే కౌరవులు విరాటుడి ఆవుల్ని తోలుకుపోబోయినప్పుడు, అర్జునుడు ఒక్కడే వచ్చి భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు అందర్నీ ఓడించాడు.

స్వయంవరంలో "సూతపుత్రుణ్ణి పెళ్ళాడను" అని ద్రౌపది అనడం గురించి ఎప్పుడూ గొడవే. ఆ మాట కొన్ని ప్రతుల్లో ఉంది, మరికొన్నింటిలో లేదు. కొన్ని ప్రతుల్లో కర్ణుడు విల్లు ఎక్కుపెట్టబోయి వెంట్రుకవాసిలో తప్పిపోతాడు. పూణెలోని భండార్కర్ సంస్థ పండితులు దేశమంతటి నుంచీ తెచ్చిన రాతప్రతుల్ని పోల్చి తయారుచేసిన పాఠంలో ఆ తిరస్కారం ప్రధాన పాఠంలోకి ఎక్కలేదు, పుట అడుగున గమనికల్లో ఉండిపోయింది.

నాకు మాత్రం కర్ణుడు ఎక్కువ నచ్చేది దానాలు చేసినప్పుడు కాదు. ఉద్యోగపర్వంలో రాయబారం చెడ్డాక కృష్ణుడు అతన్ని రథమెక్కించుకుని పుట్టుక రహస్యం చెప్పి, వచ్చేయ్, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు రానంటాడు, దుర్యోధనుడి ఉప్పు తిన్నాను అంటాడు, ఓడిపోతామని తెలుసు అంటాడు, ఆ మధ్యలోనే దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవుల్ని పరుషంగా అన్న మాటలకి ఇప్పుడు కుమిలిపోతున్నాను అని ఒప్పుకుంటాడు. చేసిన తప్పు తెలిసి కూడా ఆ పక్షానే చావడానికి వెళ్ళినవాడు. తప్పులన్నీ తుడిచేసి మంచివాణ్ణి చేస్తే ఆ సీను ఏముంటుంది చెప్పండి.

గాంధారి చూపుతో దుర్యోధనుడి ఒళ్ళు వజ్రం అయిందనీ, తొడలు మాత్రం మిగిలాయనీ అంటారు కదా?

బాగా చెప్పుకునే కథ, కృష్ణుడు అరిటాకు కట్టుకోమన్నాడని కూడా కలుపుతారు. వ్యాసభారతంలో లేదు. అక్కడ వేరే సంగతి ఉంది, అది ఇంకా విచిత్రంగా ఉంటుంది. గంధర్వుల చేతిలో అవమానం పొంది దుర్యోధనుడు చచ్చిపోతానని నిరాహారంగా పడుకుంటే, దానవులు అతన్ని పాతాళానికి రప్పించి ధైర్యం చెప్తారు: నీ పై శరీరం శివుడు వజ్రాలతో చేశాడు, నడుము కింది భాగం పార్వతి పూలతో చేసింది, ఆడవాళ్ళ మనసు దోచేలా. పూలతో చేసిన తొడలు, ఆ మీదే భీముడి గద. తొడ విరగ్గొడతానన్న శపథం సభలో ఎటూ అయిపోయింది.

గ్రీకుల అకిలీస్ మడమ కథ కూడా ఇలాంటిదేనా?

అచ్చం ఇలాంటిదే. అకిలీస్ ట్రాయ్ యుద్ధంలో గ్రీకుల మహావీరుడు. తల్లి నదిలో ముంచింది, పట్టుకున్న మడమ తడవలేదు, అక్కడ బాణం తగిలి చచ్చిపోయాడు. హోమర్ ఇలియడ్‌లో ఈ మడమ సంగతి లేదు, అకిలీస్‌కి అందరిలాగే గాయమవుతుంది, నెత్తురు కారుతుంది. నదిలో ముంచడం హోమర్ తర్వాత చాలా వందల ఏళ్ళకి, క్రీ.శ. 1వ శతాబ్దంలో స్టేషియస్ అనే రోమన్ కవి రాసినదాంట్లో కనిపిస్తుంది. ఇంకా చెప్పాలంటే అకిలీస్ చావు గానీ ట్రాయ్ చెక్క గుర్రం గానీ ఇలియడ్‌లో జరగవు. ఆ కావ్యం హెక్టర్ అంత్యక్రియలతో అయిపోతుంది. గుర్రం కావాలంటే ఒడిస్సీ తిరగేయాలి.

అశ్వత్థామ ఇంకా బతికే ఉన్నాడా?

సౌప్తికపర్వంలో కృష్ణుడు ఇచ్చిన శాపానికి గడువు ఉంది: 3,000 ఏళ్ళు, ఒంటరిగా, రోగాలతో, చీము నెత్తురు వాసనతో, ఎవరితోనూ మాట లేకుండా తిరుగు అని. సంప్రదాయం ప్రకారం యుద్ధం క్రీ.పూ. 3100 ప్రాంతంలో జరిగిందని లెక్కేసేవాళ్ళు ఉన్నారు, ఆ లెక్కనే తీసుకుంటే శిక్ష ఎప్పుడో పూర్తయింది పాపం. మరోపక్క "అశ్వత్థామా బలిర్వ్యాసో హనూమాంశ్చ విభీషణః" అన్న చిరంజీవుల శ్లోకంలో మొదటి పేరే ఆయనది. శాపం ఒక దారి, శ్లోకం ఒక దారి. రెండింటినీ అతికించి నర్మదా తీరంలో కనిపించాడని వాట్సాప్‌లో పంపేవాళ్ళది మూడో దారి.

ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చాక ఏమయ్యాడు?

కృష్ణుడి చేతిలో చచ్చిపోయాడు. ద్రోణపర్వంలో ఘటోత్కచుడు పడ్డాక కృష్ణుడే అర్జునుడితో చెప్తాడు, జరాసంధుడు, శిశుపాలుడు, ఏకలవ్యుడు బతికుంటే ఈ యుద్ధంలో దుర్యోధనుడి వైపు ఉండేవారు, అందుకే నీ కోసం ఒక్కొక్కరినీ తీసేశాం అని. వేలు ఉండి ఉంటే దేవతలు కూడా గెలవలేకపోయేవారు అని కూడా అంటాడు. చిన్నప్పుడు పాఠంలో గురుభక్తి దగ్గర ఆపేస్తారు, ఈ ముక్క ఎవరూ చెప్పరు.

క్రిస్మస్ నాటకంలో ముగ్గురు రాజులు వస్తారు, బైబిల్లో ఎంతమంది?

సంఖ్య లేదు. రాజులనీ లేదు. మత్తయి సువార్త 2వ అధ్యాయంలో "తూర్పు దేశపు జ్ఞానులు" అని మాత్రమే ఉంది. కానుకలు మూడు, బంగారము, సాంబ్రాణి, బోళము, కాబట్టి మనుషులు కూడా ముగ్గురై ఉంటారని తర్వాతివాళ్ళు అనుకున్నారు, పేర్లు ఆ తర్వాత పెట్టారు. వాళ్ళు వచ్చింది పశువుల తొట్టి దగ్గరికి కూడా కాదు, ఇంట్లోకి. తొట్టి, గొర్రెల కాపరులు లూకా చెప్పిన సంగతి. రెండు సువార్తల్నీ కలిపి ఒకే బొమ్మలో పెట్టేశాం.

అదే కోవలో ఇంకో రెండు. ఏదెను తోటలో ఆపిల్ లేదు, ఆదికాండములో చెట్టు ఫలము అనే ఉంది. లాటిన్‌లో "మాలుమ్" అంటే ఆపిల్, "మలుమ్" అంటే చెడు, ఈ పోలికా యూరప్ చిత్రకారులూ కలిసి దాన్ని ఆపిల్ చేశారు. యోనాను మింగింది తిమింగలమని రాయలేదు, "గొప్ప మత్స్యము" అని ఉంది.

మగ్దలేనే మరియ వేశ్య అంటారు, ఎక్కడ రాశారు?

సువార్తల్లో ఎక్కడా రాయలేదు. లూకా 8వ అధ్యాయంలో ఏడు దయ్యాలు వదిలిన స్త్రీగా పరిచయమవుతుంది, తన డబ్బుతో యేసు బృందానికి ఉపచారం చేసిన ఆడవాళ్ళలో ఒకరు. దానికి ముందు 7వ అధ్యాయంలో పేరు లేని "పాపాత్మురాలైన స్త్రీ" యేసు పాదాలు కన్నీళ్ళతో తడుపుతుంది. ఈ ఇద్దర్నీ, బేతనియ మరియనీ కలిపి ఒక్క మనిషే అని 591లో పోప్ మొదటి గ్రెగొరీ ఒక ప్రసంగంలో చెప్పాడు. పెద్దాయన మాట కదా, పడమటి సంఘంలో వెయ్యేళ్ళకి పైగా అదే నిలబడింది. 1969లో కాథలిక్కులు తమ పండుగల పట్టిక సవరించినప్పుడు ఆ కలగలుపుని వదిలేశారు.

నిజానికి యోహాను సువార్త ప్రకారం సమాధి నుంచి లేచిన యేసుని మొదట చూసింది ఈమె, ఆ కబురు శిష్యులకి మోసుకెళ్ళింది ఈమె. ఆ పని గుర్తుండాల్సిన మనిషి, పద్నాలుగు వందల ఏళ్ళు చేయని పనికి గుర్తుండిపోయింది.

ఖురాన్‌లో కూడా మరియమ్మ ఉందా?

ఉంది, ఆమె పేరుతో ఒక సూరానే (అధ్యాయమే) ఉంది, 19వది, మర్యమ్. పేరు పెట్టి పిలిచిన స్త్రీ ఖురాన్ మొత్తంలో ఆమె ఒక్కతే. ఆదం భార్య హవ్వా, యూసుఫ్ వెంటపడిన జులేఖా, ఈ పేర్లు అందరికీ తెలిసినవే అయినా ఖురాన్‌లో లేవు, ఆదం భార్య, అజీజ్ భార్య అని మాత్రమే ఉంటుంది. పేర్లు తర్వాతి సంప్రదాయం నుంచి వచ్చాయి.

పురాణాలు సరే, అశోకుడు చెట్లు నాటించాడన్నది అయినా నిజమేనా?

అది నిజమే, ఆయనే రాయించుకున్నాడు, దారుల పక్కన మర్రిచెట్లు నాటించాననీ బావులు తవ్వించాననీ. అయితే చాలామందికి తెలియనిది ఏంటంటే, మధ్యలో వందల ఏళ్ళు ఈయన మనకి దాదాపు లేడు. పురాణాల రాజుల పట్టికలో ఒక పేరు, బౌద్ధ కథల్లో ఒక పాత్ర. శాసనాలు కళ్ళ ముందే ఉన్నా లిపి చదవగలిగేవాళ్ళు లేరు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి చదివాడు, చదివితే ప్రతి చోటా "దేవానాంపియ పియదసి" అని ఉంది, దేవతలకి ఇష్టుడైన ప్రియదర్శి. ఎవరీయన? సింహళ గ్రంథాల సాయంతో అశోకుడే అని పోల్చారు. 1915లో కర్ణాటకలోని మస్కి శాసనం బయటపడ్డాక అందులో అశోకుడన్న పేరే రాసి ఉండటంతో అనుమానం పోయింది.

కళింగ యుద్ధం గురించి 13వ శిలాశాసనం చెప్పే లెక్క: 1,50,000 మందిని చెరపట్టి తరలించారు, 1,00,000 మంది చచ్చిపోయారు, అంతకి ఎన్నో రెట్లు ఆ తర్వాత పోయారు. దాని గురించి బాధపడుతున్నానని ఒక చక్రవర్తి రాయి మీద చెక్కించడం ప్రపంచ చరిత్రలోనే అరుదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఆ శాసనం ఉంది. ఎక్కడ లేదో తెలుసా, కళింగలో. ధౌళి, జౌగడల్లో 11, 12, 13 శాసనాలు వదిలేసి, వాటి బదులు వేరే రెండు చెక్కించాడు, ప్రజలంతా నా బిడ్డలు అంటూ. దెబ్బతిన్నవాళ్ళ ముందు చచ్చినవాళ్ళ లెక్క చదివించడం ఇబ్బంది అనుకున్నాడో, రాజకీయమో, మీరే ఆలోచించుకోండి. నాకు ఆయన పశ్చాత్తాపం అబద్ధం అనిపించదు, కానీ పరిపాలన కూడా మర్చిపోలేదు అనిపిస్తుంది.

రుద్రమదేవి గణపతిదేవుడి కూతురా, భార్యా?

కూతురే. భార్య అన్న గందరగోళం మార్కో పోలో వల్ల ముదిరింది, ఆయన మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ రాణిని చనిపోయిన రాజుగారి వితంతువుగా చెప్పాడు. రాజ్యం మాత్రం న్యాయంగా ఏలిందని మెచ్చుకున్నాడు. కాకతీయ శాసనాలు చూస్తే అనుమానం ఉండదు: ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు, కూతురు ముమ్మడమ్మ, ఆ ముమ్మడమ్మ కొడుకే ఆఖరి రాజు ప్రతాపరుద్రుడు. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో రాయించడం కూడా ఉంది.

ఎలా చనిపోయిందన్నది చాలాకాలం ఊహే. నల్లగొండ ప్రాంతపు చందుపట్లలో 1289 నాటి శాసనం దొరికింది, రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ కాలం చేసినందుకు పుణ్యంగా ఇచ్చిన దానం అది. రాణీ, సేనానీ ఇద్దరి చావూ ఒక్కచోట చెప్పడం వల్ల, తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారులు అంటారు. దేవాలయానికి భూమి ఇచ్చిన ఒక మామూలు రాయి, అంత పెద్ద సంగతి చెప్పింది.

శ్రీకృష్ణదేవరాయలు నిజంగా ఎలా ఉండేవారు?

1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వాడు డొమింగో పేయిస్ స్వయంగా చూసి రాశాడు: మధ్యరకం ఎత్తు, మంచి ఛాయ, సన్నం కాదు కాస్త ఒళ్ళున్న మనిషి, ముఖాన మశూచి మచ్చలు. సరదా మనిషే గానీ ఉన్నట్టుండి కోపం వస్తుంది అని కూడా. పొద్దున్నే నువ్వులనూనె తాగి, ఒంటికి రాసుకుని, బరువులెత్తి, కుస్తీ పట్టి, గుర్రమెక్కేవారట. మన మనసులో ఉన్న బొమ్మ వెండితెర మీద నుంచి వచ్చింది, పేయిస్ బొమ్మ నాకు ఇంకా నచ్చుతుంది, మచ్చలున్న ముఖంతో ఆముక్తమాల్యద రాసిన మనిషి.

తిమ్మరుసు కళ్ళు పీకించారన్నది?

దానికి ఆధారం నూనిజ్ అనే ఇంకో పోర్చుగీసు వాడు, రాయల తర్వాత కొన్నేళ్ళకి రాసినది. రాయలు చిన్న కొడుక్కి పట్టం కట్టారు, పిల్లవాడు చనిపోయాడు, విషం పెట్టారన్న అనుమానం తిమ్మరుసు కుటుంబం మీద పడింది, చెరలో వేసి కళ్ళు తీయించారు అంటాడు. అదే నూనిజ్ ముందు పుటల్లో చెప్పిన కథ గుర్తుందా: చావబోతున్న అన్న వీరనరసింహుడు తమ్ముడి కళ్ళు పీకించమంటే, ఈ తిమ్మరుసే మేక కళ్ళు తెచ్చి చూపించి రాయల్ని కాపాడాడని. కళ్ళు కాపాడినవాడికి కళ్ళు పోయాయి. కథ మరీ అంత అందంగా కుదిరితే నాకు కొంచెం అనుమానం వస్తుంది, విజయనగరం వీధుల్లో చెప్పుకుంటున్నదాన్ని ఆయన విని రాసుకుని ఉండొచ్చు.

తెనాలి రామకృష్ణుడి గురించి కూడా అడుగుతారు. కవి నిజం, పాండురంగ మాహాత్మ్యం నిజం. పిల్లి, దొంగలు, కాళికాదేవి కథల్లోని వికటకవి జనం కల్పించుకున్నవాడు, ఆ కావ్యం చదివినవాళ్ళు దాన్ని రాసింది ఈ కొంటెవాడేనా అని ఆశ్చర్యపోతారు.

క్లియోపాత్రా, నీరో, నెపోలియన్ గురించి చెప్పండి.

త్వరగా చెప్తాను. క్లియోపాత్రా ఈజిప్టు రాణే గానీ వంశం అలెగ్జాండర్ సేనాని టాలెమీది, మాసిడోనియా గ్రీకులు. ఆ వంశంలో స్థానిక ఈజిప్టు భాష నేర్చుకున్నది ఈమేనని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాతను బట్టి తెలుస్తుంది. ఆమె అందం సాటిలేనిదేమీ కాదు, మాట్లాడుతుంటే మాత్రం వదిలి రాలేం అన్నదీ ఆయనే.

రోము తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించలేదు, ఆ వాయిద్యమే అప్పటికి లేదు. క్రీ.శ. 64లో మంటలు లేచినప్పుడు ఆయన రోములో కాదు, ఆంటియం అనే వేరే ఊళ్ళో ఉన్నాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ అంటాడు. తిరిగొచ్చి ఇళ్ళు పోయినవాళ్ళకి తన తోటలు తెరిచాడు. మంటలు చూస్తూ ట్రాయ్ నాశనం గురించి పాడాడన్న పుకారు అప్పుడే ఉంది, ఆయనంటే జనానికి పడదు కాబట్టి నమ్మారు.

నెపోలియన్ పొట్టివాడు కాదు. 5 అడుగుల 2 అంగుళాలు అన్నది ఫ్రెంచి కొలత, వాళ్ళ అంగుళం పెద్దది. మన లెక్కలో సుమారు 168 సెంటీమీటర్లు, ఆ రోజులకి మామూలు ఎత్తే.

ఏదైనా కథ మూలంలో ఉందో లేదో నేనే చూసుకోవాలంటే?

ముందు ఏ మూలం అన్నది తేల్చుకోండి, సగం తగాదాలు అక్కడే పోతాయి. భారతమైతే 1919లో మొదలై 1966లో పూర్తయిన భండార్కర్ పాఠం ఉంది, ప్రతి శ్లోకం కింద ఏ ప్రతిలో ఏముందో ఇచ్చారు. వాల్మీకి రామాయణానికి బరోడా ప్రాచ్యవిద్యా సంస్థ అలాంటిదే చేసింది. తెలుగులో నన్నయ, తిక్కన, ఎర్రన భారతం వేరే రచన అని గుర్తుపెట్టుకోండి, వాళ్ళు మక్కీకి మక్కీ అనువదించలేదు, కావాల్సిన చోట పెంచారు, కావాల్సిన చోట తగ్గించారు. "భారతంలో ఉంది" అని ఎవరైనా అంటే ఏ పర్వంలో అని అడగండి. టెన్షన్ పడకుండా పర్వం పేరు చెప్పినవాళ్ళ మాట మాత్రం వినండి.

మూలంలో లేనివన్నీ అబద్ధాలేనా?

నేను అలా అనను. ఉడత వాల్మీకిలో లేకపోయినా ఎన్నో వందల ఏళ్ళుగా మన ఇళ్ళలో ఉంది, చిన్నవాళ్ళ సాయం కూడా లెక్కలోకి వస్తుందని ఎవరో అనుకున్నారు కాబట్టి పుట్టింది. అది కూడా ఒక సాక్ష్యమే, రాముడి కాలం గురించి కాదు, ఆ కథ కట్టినవాళ్ళ గురించి. నా గొడవల్లా మగ్దలేనే మరియ లాంటి చోట్ల, కలిపిన ముక్క ఒక మనిషి పరువు తీసినప్పుడు.

చివరగా, శశిరేఖ?

లేదండీ. వ్యాసభారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర ఒక్కతే, బలరాముడికి శశిరేఖ అనే కూతురు కనబడదు. ఆ పెళ్ళి కథ జానపదుల నోట, నాటకాల్లో పెరిగి పెద్దదై 1957లో మాయాబజార్‌తో తెలుగువాళ్ళందరి ఇంటి కథ అయింది. ఘటోత్కచుడు మాత్రం భారతంలో ఉన్నాడు, ద్రోణపర్వంలో అర్ధరాత్రి యుద్ధంలో కర్ణుడి శక్తికి బలై, పడిపోతూ కూడా ఒళ్ళు పెంచి ఒక అక్షౌహిణి సేనను కింద వేసి నలిపేస్తాడు. కాకపోతే ఎక్కడా ఆడవేషం వేసి పెళ్ళిపీటల మీద కూర్చోడు.